300 గజాల ఇంట్లో కుక్క గేటు దాటి పోకుండా ఎలక్ట్రానిక్ ఫెన్స్ పెట్టించాలా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. గుంటూరులో గోరంట్ల వైపు 300 గజాల స్థలంలో ఇల్లు, చుట్టూ అయిదడుగుల ప్రహరీ, ముందు పెద్ద గేటు. రెండేళ్ల మగ లాబ్రడార్. గేటు కాస్త తీస్తే చాలు, సందు చివరిదాకా ఒకటే పరుగు. పోయిన నెలలో మెయిన్ రోడ్డు మీదకు పోయి ఆటో కింద పడబోయి కొద్దిలో తప్పించుకుంది. గోడ వెంట వైరు పాతి, కుక్క మెడకు బెల్టు కట్టే ఎలక్ట్రానిక్ ఫెన్స్ ఆన్‌లైన్‌లో చూశారు. అది కొనాలా, ట్రైనింగ్‌తో సరిపోతుందా అని అడిగారు. ఇంట్లో అమ్మగారు పెద్దవారు, గేటు గబుక్కున వేయలేరని కూడా రాశారు.

కొనొద్దండి. మీ స్థలం దానికి చాలదు. పైగా మీ కుక్క గోడ దూకడం లేదు, గోడ కింద తవ్వడం లేదు, గేటులోంచి పోతోంది. అంటే చూసుకోవాల్సింది గేటునే. లోపల రెండో గేటు ఒకటి, గేటు దగ్గర ఆగడం నేర్పడం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రోజూ సరిపడా నడక. ఈ నాలుగూ కలిపి చేస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో చాలా తేడా కనిపిస్తుంది. వీటిలో ఏ ఒక్కటీ విడిగా సరిపోదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పదిహేడేళ్లుగా గుంటూరు, విజయవాడ, తెనాలి చుట్టుపక్కల ఇళ్లలో, తోటల్లో, మిర్చి గోదాముల్లో కుక్కలకు ట్రైనింగ్ ఇస్తున్నాను. ఎలక్ట్రానిక్ ఫెన్స్‌లు నా చేతుల మీదుగా పెట్టించినవీ ఉన్నాయి, పీకించినవీ ఉన్నాయి. పీకించినవే ఎక్కువ.

ముందు అది పనిచేసే తీరు. ట్రాన్స్‌మిటర్ అనే చిన్న పెట్టెను గోడకు బిగిస్తారు. దాంట్లోంచి బయలుదేరిన సన్న వైరు స్థలం చుట్టూ తిరిగి మళ్లీ ఆ పెట్టెలోకే వస్తుంది. ఆ వైరు ముట్టుకుంటే షాక్ కొట్టదు, అందులో నడిచేది రేడియో సిగ్నల్. కుక్క బెల్టుకు ఉన్న రిసీవర్ ఆ సిగ్నల్‌ను పట్టుకుంటుంది. వైరుకు దగ్గరైతే ముందు బీప్ వస్తుంది, ఇంకా ముందుకు పోతే బెల్టుకున్న రెండు లోహపు మొనల నుంచి మెడ చర్మానికి చిన్న షాక్ తగులుతుంది. బీప్ వినగానే వెనక్కి తిరగాలని కుక్క నేర్చుకోవాలి. 1970ల్లో అమెరికాలో మొదలైన పద్ధతి ఇది. అక్కడ ఇంటి ముందు ఖాళీ జాగా చాలా ఉంటుంది, చాలా చోట్ల ప్రహరీలు ఉండవు.

ఇప్పుడు దీన్ని మీ ఇంటికి పెట్టి చూడండి. 300 గజాలంటే సుమారు 45 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. ఇల్లు పోగా పక్క సందులు నాలుగైదు అడుగులు మిగులుతాయి. బీప్ మొదలయ్యే జాగా వీలైనంత వెడల్పుగా ఉండాలి, ఎందుకంటే పరుగున వచ్చే లాబ్రడార్ గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వస్తే సెకనుకు ఎనిమిది మీటర్లు దాటుతుంది, జాగా తక్కువైతే బీప్ చెవిన పడేలోపే గేటు అవతల ఉంటుంది. సిగ్నల్ వైరుకు రెండు వైపులా వ్యాపిస్తుంది కాబట్టి మీ పక్క సందులు మొత్తం బీప్ జాగా అయిపోతాయి. ఇక కుక్క తిరగడానికి మిగిలేది వరండా. ఇంటి కరెంటు కేబుళ్ల పక్కనే వైరు పోతే సిగ్నల్ వాటిలోకీ పాకి, ఇంట్లో గోడవార పడుకున్న కుక్కకు కూడా బీప్ రావచ్చు. అందుకే ఆ కేబుళ్లకు నాలుగైదు అడుగుల దూరం ఉంచమంటారు. మీ సందులో అంత దూరం ఎక్కడ దొరుకుతుంది?

వైరు అక్కర్లేని జీపీఎస్ బెల్టులూ ఉన్నాయి. జీపీఎస్‌లో మామూలుగానే మూడు నుంచి అయిదు మీటర్ల తేడా వస్తుంది, పక్కన మేడలుంటే ఇంకా ఎక్కువ. 45 అడుగుల స్థలంలో 15 అడుగుల తేడా అంటే కుక్క ఎక్కడుందో ఆ బెల్టుకే తెలియదు. పది ఎకరాల తోటలో వాడుకునే వస్తువు అది.

స్థలం పెద్దదైనా నాకు ఉండే పెద్ద అభ్యంతరం వేరే. ఈ ఫెన్స్ మీ కుక్కను లోపల ఆపుతుంది గానీ, బయటివాళ్లను లోపలికి రాకుండా ఆపదు. అమెరికా వీధుల్లో మనలాగా వీధి కుక్కల గుంపులుండవు. ఇక్కడ గేటు తీసి ఉంటే నాలుగు కుక్కలు లోపలికి వచ్చి మీదపడతాయి, మీ కుక్క పారిపోదామంటే బెల్టు షాక్ కొడుతుంది.

సత్తెనపల్లి రోడ్డులో ఒక తోటలో జర్మన్ షెపర్డ్‌కు ఈ ఫెన్స్ నేనే పెట్టించి, నేనే ట్రైనింగ్ ఇచ్చాను. మూడు వారాలు కష్టపడ్డాం, బాగా నేర్చుకుంది. ఒక రాత్రి అడవిపంది వాసన తగిలింది కాబోలు, షాక్‌ను లెక్కచేయకుండా గీత దాటేసింది. వేట ఊపులో ఉన్న కుక్కకు ఆ షాక్ ఒక్క క్షణం ముల్లు గుచ్చుకున్నట్టే. ఊపు తగ్గాక ఇంటికి రావాలంటే మళ్లీ అదే గీత దాటాలి కదా, అప్పుడు మాత్రం భయం. తెల్లారి చూస్తే గీతకు అవతల వానలో తడిసి వణుకుతూ కూర్చుని ఉంది. ఇంటికి రావడానికి భయపడేలా చేసింది మేమే. ఆ రోజు నుంచి ఎవరికైనా ఫెన్స్ గురించి చెప్పేటప్పుడు ముందు ఈ కుక్క సంగతే చెబుతున్నాను.

ఇంకొకటి కానూరులో. అమ్మినవాళ్లు బెల్టు కట్టేస్తే చాలు, అదే నేర్చుకుంటుందని చెప్పారట. ఆ కుక్కకు పాలబ్బాయి అంటే ఇష్టం, రోజూ తోక ఊపుకుంటూ గేటు దగ్గరికి పోయేది. పోయినప్పుడల్లా షాక్. గోడ కింద వైరు ఉందని దానికేం తెలుసు? ఎదురుగా కనపడింది పాలబ్బాయి, నొప్పి పుట్టింది అప్పుడే. రెండు వారాలు తిరగకముందే అతని చెయ్యి కరిచింది. దాన్ని మళ్లీ మామూలు కుక్కను చేయడానికి నాకు ఏడు నెలలు పట్టింది. కుక్క నొప్పికి కారణం వెతుక్కుంటుంది, అది మనం అనుకున్న కారణమే కానక్కర్లేదు. భయస్తులైన కుక్కలకూ, కోపిష్టి కుక్కలకూ ఈ బెల్టు అసలు కట్టొద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే. ఆరు నెలల లోపు కుక్కపిల్లలకైతే ఆ మాటే ఎత్తొద్దు. వేల్స్ దేశంలో 2010లోనే షాక్ బెల్టులను నిషేధించారు, ఈ ఫెన్స్ బెల్టులు కూడా ఆ నిషేధం కిందికే వస్తాయి.

మరి ఎక్కడా పనికిరాదా అంటే, వస్తుంది. తెనాలి దగ్గర మూడెకరాల నిమ్మతోటలో రెండు నాటుకుక్కలకు పెట్టించాం. చుట్టూ ముళ్లకంచె ముందే ఉంది, కుక్కలు దాని కిందుగా దూరి కాలువ గట్టు రోడ్డు మీదకు పోయేవి. కంచెకు ఆరడుగులు లోపలగా వైరు వేసి, దాని వెంట చిన్న జెండాలు పాతి, మొదటి వారం షాక్ అసలు లేకుండా బీప్ మాత్రమే ఉంచి, తాడు పట్టుకుని తిప్పాం. బీప్ రాగానే వెనక్కి తిప్పడం, తిరిగితే మాంసం ముక్క పెట్టడం. తర్వాత అతి తక్కువ షాక్. ఇరవై రోజులకు జెండాలు ఒక్కొక్కటే తీసేశాం. ఇప్పుడు ఆ కుక్కలు బీప్ దాకా కూడా పోవు. అక్కడ అసలు కంచె ఉంది, జాగా ఉంది, రోజూ గమనించే మనిషి ఉన్నాడు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా నేను ఒప్పుకునేవాణ్ని కాదు.

అలాంటి చోట పెట్టించుకునేవాళ్లకు మన ప్రాంతం సంగతులు కొన్ని. గుంటూరు నల్లరేగడి ఎండాకాలం నెర్రెలు విచ్చుతుంది, వానలకు ఉబ్బుతుంది. ఊరికే పాతిన వైరు ఆ లాగుడుకు తెగుతుంది, ఎక్కడ తెగిందో వెతకడం పెద్ద పని. అందుకని పీవీసీ పైపులో వేసి, అక్కడక్కడా కాస్త వదులు ఉంచాలి. పైపు లేకపోతే పందికొక్కులు కొరికేస్తాయి. కరెంటు పోతే ట్రాన్స్‌మిటర్ ఆగిపోతుంది, దానికి ఇన్వర్టర్ లైను ఇవ్వాలి. బెల్టు రోజుకు 12 గంటలకు మించి ఉంచకూడదు, తీసిన ప్రతిసారీ మెడ చూడాలి. ఆ మొనలు ఒకే చోట నొక్కుకుని పుండ్లు పడతాయి. మన వానాకాలం ఉక్కలో ఆ పుండుకు ఈగ వాలిందంటే రెండు రోజుల్లో పురుగులు పడతాయి. మెడ చుట్టూ బొచ్చు పెరిగి ఎవరికీ కనపడని అలాంటి పుండ్లు నేను చూశాను.

ఒక హెచ్చరిక కూడా. కొందరు ఎలక్ట్రానిక్ ఫెన్స్ అనగానే పొలాల్లో అడవిపందులకు పెట్టే కరెంటు తీగ అనుకుంటారు. రెండూ వేరు. ఇంటి లైను నుంచి నేరుగా తీగకు కరెంటు ఇస్తే కుక్కే కాదు, పక్కింటి పిల్లవాడైనా చనిపోతాడు. అది నేరం కూడా. ఎవరైనా ఎలక్ట్రీషియన్ తక్కువలో చేసి పెడతానంటే ఇంట్లోకి రానివ్వకండి.

ఇక మీ ఇంటి సంగతి. ముందుగా లోపలి గేటు. పెద్ద గేటుకు కొంచెం లోపలగా, నాలుగడుగుల ఎత్తున వెల్డ్‌మెష్‌తో రెండో గేటు చేయించండి. స్ప్రింగు బందులు పెట్టిస్తే వదలగానే దానంతట అదే మూసుకుంటుంది. గడియ మీ అమ్మగారు వంగకుండా, చేయి పైకెత్తకుండా అందుకునే ఎత్తులో ఉండాలి. వెల్డింగ్ షాపుకు పోయేటప్పుడు ఆ ఎత్తు కొలుచుకుని పోండి. ఒక గేటు మూశాకే రెండోది తీయాలి, ఇంట్లో అందరికీ ఇదొక్కటే నియమం. పెద్ద గేటు అడుగున సందు రెండంగుళాలకు మించకూడదు. కింది మూడడుగులకు రేకు కొట్టించండి. రోడ్డు మీద పోయే ప్రతి బండినీ, పిల్లినీ ఊచల్లోంచి చూస్తూ రోజంతా ఎగిరెగిరి మొరిగే కుక్కకు గేటు తీసిన క్షణం బాణం వదిలినట్టే ఉంటుంది. కనపడకపోతే సగం ఆరాటం తగ్గుతుంది. తవ్వే అలవాటున్న కుక్కలైతే గోడవార నాపరాళ్లు అడుగున్నర లోతున నిలువుగా పాతించాలి. మీకు ప్రస్తుతానికి అవసరం లేదు.

ట్రైనింగ్‌కు ముందు ఇంట్లోవాళ్లంతా కూర్చుని ఒక్క మాట ఖాయం చేసుకోండి. నేను పోయిన చాలా ఇళ్లలో నాన్న "స్టే" అంటారు, అమ్మ "ఉండరా" అంటారు, పిల్లలు "నో నో" అని అరుస్తారు. పాపం, కుక్క ఏ మాట వినాలి? "ఆగు" అనుకుంటే అందరూ "ఆగు" అనే అనాలి, ఒక్కసారే అనాలి.

మొదటి వారం గేటు మూసే ఉంచండి. పది మీటర్ల నైలాన్ తాడు కట్టి గేటు దగ్గరికి తీసుకెళ్లి, గేటుకు నాలుగడుగుల ఇవతల నేల మీద సుద్దతో గానీ పెయింటుతో గానీ గీత గీయండి. గీత దగ్గర "ఆగు". ఆగి మీ మొహం వైపు చూసిన క్షణంలో ముక్క పెట్టండి. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన చికెన్, ఎముక లేకుండా, వేలి గోరంత ముక్కలు చాలు. లాబ్రడార్లు ఇట్టే లావెక్కుతాయి కాబట్టి అంత మేరకు రాత్రి తిండి తగ్గించండి. పది నిమిషాల చొప్పున రోజుకు రెండుసార్లు. రెండో వారం గడియ చప్పుడు చేయండి, గేటు జానెడు తీసి మూయండి. కుక్క కదిలితే కోప్పడకండి, గేటు మూసేయండి అంతే. కదిలితే గేటు మూసుకుపోతుంది, ఆగితే తెరుచుకుంటుంది, ముక్క కూడా దొరుకుతుంది. ఈ లెక్క కుక్కలకు మనం అనుకున్నదానికన్నా త్వరగా ఎక్కుతుంది. మూడో వారం గేటు పూర్తిగా తీసి ఉంచండి, తాడు మాత్రం చేతిలోనే. నాలుగో వారం నుంచి అసలు పరీక్ష మొదలు. మీ అబ్బాయిని సైకిల్ మీద పొమ్మనండి, పార్సిల్ అబ్బాయి వచ్చినప్పుడు చేయండి, ఆవు పోతున్నప్పుడు చేయండి. ఒకచోట తప్పితే మళ్లీ వెనకటి మెట్టుకు రండి. నెల రోజులు తప్పకుండా ఆగిందాకా తాడు వదలొద్దు. నెల తర్వాత కూడా గేటు బార్లా తీసి, కుక్కను ఒంటరిగా వదిలి లోపలికి పోకండి. ఎంత ట్రైనింగ్ అయిన కుక్కనైనా నేను అలా వదలను.

మీ అమ్మగారి కోసం ఇంకొకటి నేర్పండి. కాలింగ్ బెల్ మోగగానే వరండాలో దాని గోనెపట్టా మీదకు పోయి కూర్చోవడం. బెల్ కొట్టడం, పట్టా మీద ముక్కలు వేయడం, అంతే. వంద సార్లు చేస్తే బెల్ మోగగానే గేటుకు బదులు పట్టా వైపు పరిగెడుతుంది. ఆవిడ నిదానంగా పోయి గేటు తీసుకోవచ్చు.

ఈలోగా ఎప్పుడైనా తప్పించుకుంటే వెంటపడకండి. వెంటపడితే దానికి అది ఆట. పేరు పెట్టి సంతోషంగా పిలిచి మీరు ఎదురు దిక్కుకు పరిగెత్తండి, చాలా కుక్కలు వెనక వస్తాయి. వచ్చాక మాత్రం కొట్టొద్దు, తిట్టొద్దు. గంటసేపు తిప్పించి వచ్చినా సరే, ముక్క పెట్టి లోపలికి తీసుకెళ్లండి. వచ్చినందుకు దెబ్బలు తిన్న కుక్క ఈసారి రాదు.

ఆపరేషన్ గురించి మీరేం రాయలేదు, చేయించలేదనే అనుకుంటున్నాను. చిత్తకార్తె కుక్కలని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. అక్టోబరులో ఆ రోజులు వస్తే ఎదకొచ్చిన ఆడకుక్క వాసన ఎంతో దూరం నుంచే తగులుతుంది, అప్పుడు "ఆగు" అన్నా వినదు, గోడా ఆగదు. ఇప్పటిదాకా దూకని మీ కుక్క మొదటిసారి దూకేది ఆ రోజుల్లోనే కావచ్చు. ఊళ్లో మంచి డాక్టరు దగ్గర గానీ, గన్నవరం వెటర్నరీ కాలేజీలో గానీ అడగండి. మర్నాటికే మారిపోదు, ఒంట్లో హార్మోన్లు తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది. పరిగెత్తే అలవాటు ముందే పడింది కాబట్టి ట్రైనింగ్ ఎలాగూ కావాలి.

నడక సంగతి. లాబ్రడార్ నీళ్లలో పక్షులను తెచ్చే పనికి పెంచిన జాతి, పని లేకపోతే పని వెతుక్కుంటుంది. పొద్దున ఏడు లోపు, సాయంత్రం ఆరు దాటాక, పూటకు కనీసం అరగంట. మన మే నెల ఎండలో మధ్యాహ్నం తారు రోడ్డు మీద నడిపిస్తే అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. పగలు నీడ, చల్లటి నేల, నీళ్లు లేని కుక్క చల్లటి చోటు కోసం కూడా బయటికి పోతుంది.

గొలుసుతో కట్టేస్తే సరిపోతుంది కదా అని ఎవరో ఒకరు చెబుతారు. పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం, కుక్క కూడా కోపిష్టిదవుతుంది. ఇంకో కారణం ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు ఎంతమంది ప్రాణాలు చేతపట్టుకుని మేడలెక్కారో అందరం చూశాం. అలాంటి రాత్రి గొలుసుకు ఉన్న కుక్క ఈదడానికి కూడా ఉండదు. నావాళ్లందరికీ అప్పటినుంచి ఒకటే చెబుతున్నాను, మనిషి లేని ఇంట్లో కుక్కను కట్టేసి ఊరికి పోవద్దని.

గేటు ముందు కారం చల్లమని కూడా చెబుతారు, గుంటూరులో కారానికి కొదవ లేదు కాబట్టి. దయచేసి వద్దు. కుక్క ముక్కు, కళ్లు మంటెత్తిపోతాయి, గాలికి ఎగిరి మీ అమ్మగారి కళ్లలోనూ పడుతుంది. నీలం నీళ్ల సీసాలు గేటుకు కట్టడం వల్ల హాని లేదు, ఉపయోగమూ లేదు.

దీపావళికి మాత్రం ఏ ట్రైనింగ్ మీదా నమ్మకం పెట్టుకోకండి. టపాసులకు బెదిరిన కుక్క ఎటు పోతుందో దానికే తెలియదు. చీకటి పడకముందే నడిపించి తెచ్చి, లోపలి గదిలో తలుపులు మూసి, ఫ్యాను, టీవీ పెట్టి, ఎవరో ఒకరు దాని పక్కన కూర్చోండి.

మెడ బెల్టుకు మీ ఫోన్ నంబరు చెక్కిన బిళ్ల ఈ రోజే కట్టండి. రేబీస్ టీకా ఏడాదికోసారి వేయించి ఆ కార్డు దాచండి. కుక్క బయటికి పోయి ఎవరినైనా కరిస్తే, తగిన జాగ్రత్త తీసుకోలేదని యజమాని మీద భారతీయ న్యాయ సంహిత 291 కింద కేసు పెట్టవచ్చు. ఆరు నెలల దాకా జైలు, అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ.

పెద్ద గేటు నుంచి వరండా మెట్టు దాకా ఎన్ని అడుగులుందో కొలిచి, ఒక ఫొటోతో కలిపి ఇక్కడ పెట్టండి. ఎనిమిది అడుగులుంటే బండి నిలిపి రెండు గేట్లూ తీసుకోవడానికి చోటు సరిపోతుంది. అంతకన్నా తక్కువైతే లోపలిది పక్కకు జరిగే గేటు చేయించాలి, కొలతలు చూసి చెబుతాను.